చెప్పకుండా పెట్టిన టీ

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా ఓరిన్? 'టీ పెట్టాను, చూసుకో' అనడానికి ఎంతసేపు పడుతుంది?"

ఓరిన్ గెండ్రన్ తలెత్తలేదు. వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని బూట్ల లేసులు బిగిస్తున్నాడు. కుడికాలిది బిగించడం ఎప్పుడో అయిపోయింది. విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు.

విల్డా బల్లకు అవతలివైపు నిలబడి ఉంది. మొగుడూ పెళ్ళాల మధ్య, పాత తువ్వాలు మీద, ఆమె ల్యాప్‌టాప్ గుడారంలా బోర్లించి ఉంది. నిన్న సాయంత్రం నుంచి దానికి ఉలుకూ పలుకూ లేదు. ఆ ఇంట్లో అలాంటివాళ్ళు ఇప్పటికి ఇద్దరయ్యారు.

"రాసుకుంటున్నావు కదా," అన్నాడు చివరికి, బూటుతో చెబుతున్నట్టు. "మధ్యలో కదిలించడం ఎందుకని."

"అవును, కదిలించలేదు. ముంచావు."

"తగిలింది నీ మోచెయ్యి."

"నా మోచేతికి కళ్ళున్నాయా?"

ఓరిన్ లేచి టోపీ పెట్టుకున్నాడు. మాటలు అయిపోయాయని దానర్థం. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ టోపీ ఎన్ని తగువులకు మూత వేసిందో లెక్కలేదు.

నిజానికి నిన్న జరిగింది మంచిపనే. శుక్రవారం మధ్యాహ్నం చక్కని ఎండ కాసింది. రాత్రంతా గడ్డకట్టి పగలు కరిగే అలాంటి రోజు వస్తే వెర్మాంట్ కొండల్లో మేపుల్ చెట్లు ఎవరి మాటా వినవు, తీపి రసం కారుస్తూనే ఉంటాయి. బాల్చీలు నిండిపోతాయి, పాకం షెడ్డులో పెద్ద పెనం కింద పొయ్యి ఆరకూడదు, పెనం ముందు నుంచి మనిషి లేవకూడదు. ఓరిన్ బాల్చీలు మోయాలి, విల్డా పెనం చూడాలి. రమ్మని అతను నోటితో అడగలేదు. పొయ్యి పక్కన రెండో కుర్చీ వేశాడు. అతని భాషలో బతిమాలడం అంటే అదే.

ఆ రోజు ఆమె ఊళ్ళోకి వెళ్ళాల్సింది. మూడేళ్ళుగా చదువుతున్న లైబ్రేరియన్ చదువుకు ఆఖరి రాత, ఊరి చదువరుల మీద నివేదిక, పూర్తి కావొచ్చింది. అది వేళకు లైబ్రరీ కమిటీకి అందితేనే అక్కడి ఉద్యోగం. కొండ మీద ఇంటర్నెట్ చినుకులు రాలినట్టు వస్తుంది కాబట్టి, ఊళ్ళో లైబ్రరీకి పోయి అక్కడినుంచి పంపుదామనుకుంది. రెండో కుర్చీ చూసి ఆగిపోయింది. ల్యాప్‌టాప్‌ని షెడ్డులోకే తెచ్చుకుని, చెక్కబల్ల మీద పెట్టుకుని, ఒక కన్ను పెనం మీద, ఒక కన్ను అక్షరాల మీద వేసి కూర్చుంది.

ఓరిన్ లోపలికి వచ్చాడు. మరుగుతున్న రసాన్ని గరిటెతో ముంచి కప్పులో పోశాడు. టీ పొట్లం వేశాడు. భార్య కుడి మోచేతి పక్కన పెట్టాడు. పిల్లిలా వెళ్ళిపోయాడు. పెళ్ళయ్యాక అతను ఆమెకు టీ ఇవ్వడం అదే మొదటిసారి. ఆమె కాగితం కోసం పక్కకు తిరిగింది. కప్పు కప్పంతా మీటల మీద ఒలికింది.

కేక విని ఓరిన్ పరుగెత్తుకొచ్చాడు. ల్యాప్‌టాప్‌ని లాక్కుని నాలుగుసార్లు విదిల్చి, పొయ్యి పైన చేతితొడుగులు ఆరేసే తీగల అర మీద పెట్టేశాడు.

"నీళ్ళే," అన్నాడు. "ఆరిపోతుంది."

ఆమె నమ్మింది. చెట్టు నుంచి దిగిన రసం చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుంది మరి. రెండు గంటలు ఆరాక తీసి మీట నొక్కితే, తెర ఒక్కసారి వెలిగి, నీలం గీత ఒకటి గీసి, చీకటైపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కిందో ఆమెకే తెలీదు.

ఇప్పుడు తలుపు దగ్గర టోపీతో ఓరిన్ ఇంకా నిలబడే ఉన్నాడు. ఏదో చెప్పబోయేవాడిలా పెదవి కదిపాడు. అంతలో ఫోను మోగింది. అతనికి ప్రాణం లేచొచ్చినట్టయి, కట్టెలు తేవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఫోన్లో ఆడపడుచు మెర్నా. అన్న పుట్టినప్పుడు దేవుడు ఇవ్వడం మర్చిపోయిన మాటలన్నీ వడ్డీతో కలిపి చెల్లెలికి ఇచ్చాడని ఊళ్ళో అంటారు.

"బియ్యంలో పెట్టు విల్డా! మా పక్కింటాయన ఫోను బాత్రూములో పడితే బియ్యంలో పెట్టే బతికించారు."

"ఎంత బియ్యం?"

"నిండా మునిగేంత."

"మా ఇంట్లో ఉన్న బియ్యానికి చెవిపోగు కూడా మునగదు మెర్నా. మేం బంగాళదుంపలవాళ్ళం."

"అయితే దుంపల్లో పెట్టు!" మెర్నా తన మాటకు తనే నవ్వింది. ఇవతల నవ్వు వినబడకపోయేసరికి తగ్గింది. "ఎప్పటికి ఇవ్వాలే అది?"

"సోమవారం. మధ్యాహ్నం పన్నెండు."

"ఇంకో కాపీ లేదా?"

"లేదు."

"ఒక్కటీ?"

"లేదన్నానుగా. నిన్న పంపేద్దామనుకున్నాను. నిన్న కుర్చీలో కూర్చున్నాను."

"సరే, లైబ్రరీ పెద్ద హాస్కెల్‌ని అడుగు. మూడ్రోజులు గడువిమ్మను. మనిషేగా ఆవిడ కూడా."

"అడగను."

"ఏం?"

విల్డా గొంతు తగ్గింది. "ఉద్యోగం కోసం కమిటీ ముందు కూర్చున్నరోజు ఆవిడ నన్నేం అడిగిందో తెలుసా? 'ఆ కొండ మీంచి, ఆ బురదలో, మీ వయసులో, వేళకు రాగలరా మిసెస్ గెండ్రన్?' అంది. 'ఒక్క నిమిషం ఆలస్యం కాను' అన్నాను. ఇప్పుడు వెళ్ళి గడువడిగితే, చూశారా నేను చెప్పానా అంటుంది. పైకి అనదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంది. నేనడగను మెర్నా. పోతే పోయింది."

"పోతే పోయిందా? మూడేళ్ళే!"

"ఎవరి మూడేళ్ళు? నావేగా."

అంటూ వెనక్కి తిరిగింది. ఓరిన్ కట్టెల మోపుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. మోపు దించి, ఒక్కొక్క కట్టే పేర్చి, బయటికి వెళ్ళిపోయాడు. షెడ్డు తలుపు మూసిన చప్పుడయింది.

విల్డాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. ఆ కొండ మీద ఏడిస్తే వినేవాళ్ళెవరు?

నవంబరు నుంచి మే దాకా ఆ ఇంట్లో మనిషి గొంతు వినాలంటే రేడియో పెట్టుకోవాలి. ఒక వారం ఆమె పంతం పట్టి లెక్కపెట్టింది. ఓరిన్ మొత్తం పందొమ్మిది వాక్యాలు మాట్లాడాడు. వాటిలో ఏడు వాతావరణం గురించి, నాలుగు పెనంతో. చెడ్డవాడు కాదు. తాగడు, తిట్టడు, ఆమె చలికి వణికితే లేచి కట్టె వేస్తాడు. కానీ కట్టె మాట్లాడదు కదా. ఆమెకు ఒంటరిగా ఉండేది. పక్కన మనిషి ఉండగా వచ్చే ఒంటరితనం, ఎవరితోనూ చెప్పుకోలేనిది.

ఆఖరి రాత కోసం ఆమె ఊళ్ళో నలభై ఒక్క ఇళ్ళకు వెళ్ళింది. మీకేం చదవాలనుంది, కళ్ళు ఎలా ఉన్నాయి, లైబ్రరీకి ఎందుకు రావడం మానేశారు అని అడిగింది. విత్తనాల జాబితా తప్ప ఏమీ చదవని ముసలాయన ఒకాయన పెద్దక్షరాల పుస్తకాలు ఉంటాయా అని సిగ్గుపడుతూ అడిగాడు. ఒక పాలరైతు భార్య తలుపు తీసి, ప్రశ్న పూర్తికాకముందే రెండు గంటలు మాట్లాడి, చివర్లో ఊరగాయ సీసా ఇచ్చి పంపింది. ఆ ఇళ్ళలో కూర్చున్నప్పుడే విల్డాకు తెలిసింది, తనకూ మాటలొచ్చునని, తను నవ్వితే ఎదుటివాళ్ళు కూడా నవ్వుతారని. ఆ లైబ్రరీ ఉద్యోగం వస్తే వారానికి అయిదు రోజులు మనుషులు. రాకపోతే మళ్ళీ రేడియో.

ఆ నలభై ఒక్క ఇళ్ళూ ఇప్పుడు బల్లమీద బోర్లా పడి ఉన్నాయి.

ఆమె ల్యాప్‌టాప్‌ని తువ్వాలుతో సహా ఎత్తుకుని ట్రక్కెక్కింది. వెళ్తున్నానని చెప్పలేదు. ఈ ఇంట్లో చెప్పడం అనే ఆచారం ఎవరు పెట్టారు గనక?

పద్దెనిమిది మైళ్ళ అవతల నార్త్ క్రాస్‌లో దాణా దుకాణం ఉంది. దాని వెనకగదిలో రోవెనా అనే అమ్మాయి కుట్టుమిషన్లు, రేడియోలు, కంప్యూటర్లు బాగుచేస్తుంది. దారి పొడుగునా చక్రాలు బురదలో జారుతూనే ఉన్నాయి. చేరేసరికి పదకొండు దాటింది. తన వంతు వచ్చేసరికి పన్నెండయింది.

రోవెనా మరలు విప్పి, మీటల పలకను మెల్లగా పైకి లేపింది. కింద ఏదో బంక సన్నటి తీగల్లా సాగి తెగింది.

ఆ అమ్మాయి ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసింది. తలెత్తి విల్డా వంక చూసింది.

"ఏం పడింది దీనిమీద?"

"టీ. రసంతో పెట్టిన టీ."

"ఎక్కడ ఆరబెట్టారు?"

"పాకం షెడ్డులో. పొయ్యి పైన."

రోవెనా నవ్వాపుకోలేకపోయింది. "వండేశారు కదండీ! ఈ సీజన్లో నేను చూసిన మొదటి పాకం ఇదే. రంగు కూడా బాగా కుదిరింది."

విల్డా వంగి చూసింది. పచ్చటి పలక మీద తేనెరంగు పూత నిగనిగలాడుతోంది. ఆమెకు కూడా నవ్వొచ్చింది, వద్దన్నా వచ్చింది. నలభై బాల్చీల రసం పోసి, నీళ్ళన్నీ ఆవిరిగా పంపేసి, చివరికి ఒక్క బాల్చీ తీపి మిగల్చడం ఓరిన్ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్న పని. నీళ్ళు పోతాయి, చక్కెర ఉండిపోతుంది. ఈ ముక్క ప్రపంచంలో అతనికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? అలాంటివాడు కంగారులో ఆ సంగతే మరిచిపోయి, చేతనైన ఒక్క పనీ చేసేశాడు.

"వెంటనే కట్టేసి, బ్యాటరీ ఊడదీసి, బోర్లించి, తడిగానే నా దగ్గరికి తెచ్చుంటే స్పిరిట్‌తో కడిగేసేదాన్ని," అంది రోవెనా. "తీపివి పడితే ఆరబెట్టడం కాదు, కడగాలి. అయినా ఇదంతా గీకి తీయొచ్చులెండి. అసలు దెబ్బ ఇది కాదు." చిన్న పట్టకారుతో ఒక నల్లటి మచ్చ చూపించింది. "ఇదిగో, ఇక్కడ కాలింది. లోపల బంకగా ఉండగానే ఎవరో ఆన్ చేశారు. ఎవరు?"

విల్డా ఆ మచ్చ వంకే చూసింది.

"నేనే."

"ఒకసారేనా?"

"చాలాసార్లు."

రోవెనా ఇంకేమీ అనలేదు. అలా అనకపోవడమే విల్డాకు ఎక్కువ గుచ్చుకుంది. నిన్నటి నుంచి ఓరిన్‌ని దులిపేస్తోంది. అతను పెట్టిన టీ, అతను ఆరేసిన అర, అతని మౌనం. ప్రాణం తీసిన వేలు మాత్రం తనది.

"నా రాతలు?"

"అవి వేరే ముక్కలో ఉంటాయి. అదిగో, అది. దానికి పాకం అంటలేదు. బతికే ఉందనుకుంటున్నాను. కానీ దీని మూతి పాతకాలం రకం, దీనికి సరిపోయే తీగ నా దగ్గర లేదు. ఇప్పుడే తెప్పించమని చెప్తే గురువారానికి వస్తుంది."

"సోమవారానికి?"

"రాదండీ. క్షమించండి."

గురువారం. మెర్నా చెప్పిన మూడ్రోజులూ అక్షరాలా అవే.

తిరుగు దారంతా విల్డా హాస్కెల్ గురించి ఆలోచించలేదు. ఓరిన్‌కు ఎలా చెప్పాలో ఆలోచించింది. 'పాడు చేసింది నువ్వు కాదు, నేను' అనాలి. వినడానికి చిన్నమాట. స్టీరింగ్ పట్టుకుని నాలుగు రకాలుగా అని చూసుకుంది. నాలుగూ గొంతులోనే ఆగాయి. ఇరవై ఆరేళ్ళు ఒకే కప్పు కింద ఉంటే ఆ రోగం తనకూ అంటుకున్నట్టుంది.

మూడున్నరకు మలుపు తిరిగేసరికి పొగ కనిపించింది. పాకం కాగేటప్పుడు షెడ్డు పైన తెల్లటి ఆవిరి ఉండాలి. ఇది నల్లగా ఉంది. ట్రక్కు దిగీ దిగకముందే మాడు వాసన ముక్కు పగలగొట్టింది.

"ఓరిన్!"

జవాబు లేదు. అది కొత్తేం కాదు. కానీ ఈసారి మనిషే లేడు. షెడ్డు తలుపు తీసి ఉంది. పెద్ద పెనం ముందరి భాగంలో చుక్క రసం లేదు. నల్లటి పొక్కులు కట్టి అడుగు ఎర్రబడుతోంది. ఆమె పార అందుకుని గుమ్మం పక్కన మిగిలిన మంచునంతా పెనంలోకి ఎత్తిపోసింది. పొయ్యి తలుపు మూసి గాలి ఆపేసింది. పెనం బుస్సుమని అరిచి, అడుగు వంకర తిరిగి, నెమ్మదించింది.

ఈ కొండల్లో మనిషి జ్వరంతో ఉన్నా, తండ్రి పోయినా, మరుగుతున్న పెనాన్ని వదిలి పోడు. ఓరిన్ అసలే పోడు. ఒకసారి పక్కటెముక విరిగి కూడా మూడు గంటలు పెనం ముందే కూర్చున్నాడు. పడిపోయాడా? వెనక్కి పరుగెత్తింది. చెట్ల మధ్య పిలిచింది. కట్టెల చాటున చూసింది. అప్పుడు కనిపించాయి, ట్రాక్టర్ చక్రాల జాడలు. షెడ్డు ముందు నుంచి తిన్నగా ఊరివైపు దిగిపోయాయి. ట్రాక్టర్ లేదు.

షెడ్డు స్తంభానికి వేలాడే పాత ఫోను మోగింది.

"మిసెస్ గెండ్రన్? ప్రూడెన్స్ హాస్కెల్‌ని. లైబ్రరీ నుంచి."

"చెప్పండి," అంది విల్డా. చేతిలో పార ఇంకా ఉంది.

"మీ ఆయన ఇక్కడున్నారు."

"ఓరినా?"

"గంటన్నర అయింది. తలుపు పక్కన, టోపీ చేత్తో పట్టుకుని, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డారు. ఏం కావాలని మూడుసార్లు అడిగాను. రెండుసార్లు నోరు తెరిచారు, మళ్ళీ మూసేశారు. పుస్తకం కావాలా అంటే తల అడ్డంగా ఊపారు. ఒంట్లో బాగాలేదా అంటే అదీ కాదంటారు. పొమ్మంటే పోరు. శనివారం నాలుగింటికి నేను తాళం వేసుకోవాలి. ఆయన ఎందుకొచ్చారో మీకేమైనా తెలుసా?"

విల్డా స్తంభానికి ఆనుకుంది.

పెనం నిండా రసం పోసి బయల్దేరి ఉంటాడు. వెళ్ళి ఒక్క వాక్యం చెప్పి, అరగంటలో తిరిగొచ్చేద్దామనుకుని ఉంటాడు. ట్రాక్టర్ మీద ఆ వాక్యాన్ని తనలాగే నాలుగు రకాలుగా అనుకుని ఉంటాడు. అక్కడికి వెళ్ళాక మాట పెగల్లేదు. పెనం మాడిపోతుందని తెలుసు. నిమిషం నిమిషం తెలుసు. అయినా చెప్పకుండా వెనక్కి రాలేక నిలబడిపోయాడు.

"మిసెస్ గెండ్రన్? ఉన్నారా?"

"ఉన్నాను."

"తెలుసా మీకు?"

"తెలుసు."

"అయితే చెప్పండి."

నాలుక చివరే ఉంది. మూడ్రోజులు గడువు కావాలండీ, అంతే. డాక్టరు దగ్గర, పశువైద్యుడి దగ్గర, చివరికి తమ పెళ్ళినాడు పాదిరి దగ్గర కూడా ఓరిన్ ఆగిపోయిన చోటల్లా వాక్యం పూర్తిచేసింది ఆమే. ఇప్పుడూ పూర్తిచేస్తే అతను టోపీ పెట్టుకుని, బతికిపోయాననుకుని, ట్రాక్టరెక్కేస్తాడు. ఆ లైబ్రరీ గది నిశ్శబ్దంగా ఉంటుంది, ఫోన్లోంచి తన గొంతు అతనికి కూడా వినిపిస్తూ ఉంటుంది.

"ఆయనకో కుర్చీ వెయ్యండి మిసెస్ హాస్కెల్," అంది. "ఆయనే చెప్తారు. కొంచెంసేపు పడుతుంది."

"కొంచెం అంటే?"

"నాకూ తెలీదండీ. ఫోను పెట్టెయ్యకండి. అలాగే బల్లమీద ఉంచండి."

అవతల చిన్న నిట్టూర్పు. బహుశా కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది. ఫోను చెక్క మీద పెట్టిన చప్పుడు. కుర్చీ ఈడ్చిన చప్పుడు.

"కూర్చోండి మిస్టర్ గెండ్రన్," అన్న మాట దూరంగా వినిపించింది. "నాకేం తొందర్లేదు. పావుగంట ఉంది."

తర్వాత ఏమీ లేదు. విల్డా ఫోను చెవికి నొక్కిపట్టి నిలబడింది. వెనక పెనంలో మంచు కరుగుతోంది. చెట్లకు కట్టిన బాల్చీలు నిండి పొర్లుతున్నాయి.

చాలాసేపటికి, అవతల, ఓరిన్ గొంతు సవరించుకోవడం వినిపించింది.